పాఠం నుంచి బయటికి వచ్చిన బిడ్డ

అమెరికా రాజధాని వాషింగ్టన్‌ను ఆనుకుని, మేరీలాండ్ రాష్ట్రంలో మోంట్‌గోమరీ కౌంటీ అనే జిల్లా ఉంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2022లో చిన్న తరగతుల ఇంగ్లీషు పాఠాల్లోకి కొన్ని కథల పుస్తకాలు తెచ్చారు. ఇద్దరు పురుషుల పెళ్లి గురించి ఒక కథ, అమ్మాయిగా పుట్టి తాను అబ్బాయినని చెప్పే బిడ్డ గురించి మరో కథ. మొదట్లో తల్లిదండ్రులకు ముందుగా తెలియజేసి, వద్దన్నవారి పిల్లలను ఆ సమయంలో బయటికి పంపేవారు. 2023 మార్చిలో ఆ వెసులుబాటును తీసేశారు.

లైంగిక విషయాలు బోధించే ప్రత్యేక పాఠం నుంచి బిడ్డను తప్పించే హక్కు ఆ రాష్ట్ర నిబంధనల్లో ముందునుంచీ ఉంది. ఈ కథలు భాషా పాఠంలో ఉన్నాయి గనుక ఆ హక్కు వీటికి చెల్లదన్నారు. ఒక గదికి తలుపు తెరిచిపెట్టి, సామాను మరో గదిలో సర్దినట్లుంది ఈ న్యాయం!

ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు కలిసి కోర్టుకెక్కారు. పుస్తకాలను నిషేధించమని వారు కోరలేదు. తమ బిడ్డలను తప్పించనివ్వమన్నారు, అంతే. కింది కోర్టు, అప్పీలు కోర్టు కాదన్నాయి. చివరికి 2025 జూన్ 27న ఆ దేశ సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో వారి పక్షాన నిలిచింది. కేసు పూర్తిగా తేలేవరకు, ఆ పుస్తకాలు వాడేముందు తల్లిదండ్రులకు తెలియజేయాలనీ, వద్దన్నవారి పిల్లలను పంపించాలనీ ఆదేశించింది. తీర్పు రాసిన న్యాయమూర్తి అలిటో, 1972లో ఆమిష్ అనే చిన్న క్రైస్తవ వర్గం గెలిచిన కేసును ఆధారం చేసుకున్నారు. విభేదించిన న్యాయమూర్తి సొటొమాయర్, ఇలా ప్రతివారూ ప్రతి పాఠానికీ అభ్యంతరం చెబితే ప్రభుత్వ బడి నడిచేదెట్లా అన్నారు. ముప్పై ఏళ్లుగా బల్లముందు నిలబడ్డవాణ్ణి, ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తోసేయలేను. అయినా ఆరేళ్ల బిడ్డ విశ్వాసం విషయంలో మొదటి మాట తల్లిదండ్రులదే. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం.

కాని సోదరులారా, బయటికి వచ్చిన ఆ బిడ్డ సాయంత్రం ఇంటికొచ్చి "నన్నెందుకు పంపారు అబ్బా?" అని అడిగితే మన జవాబేమిటి? మన ఇళ్లలో సాధారణంగా వినిపించేది ఒకటే మాట: "చుప్!" అప్పుడు ఆ జవాబు ఆటస్థలంలోనో, చేతిలోని ఫోనులోనో దొరుకుతుంది.

దీన్ని మనం హయా అంటున్నాం. నేను పద్నాలుగో ఏట మదర్సాలో ఖుదూరీ చదివాను. మొదటి అధ్యాయమే తహారత్. హైజ్, జనాబత్, గుస్ల్ గురించి చెప్పేటప్పుడు మా ఉస్తాద్ గొంతు తగ్గించలేదు, మమ్మల్ని నవ్వనివ్వలేదు. అదే గ్రంథంలో ఖున్సా ప్రకరణం ఉంది. స్త్రీయో పురుషుడో తేలని దేహంతో పుట్టిన మనిషి నమాజు వరుసలో ఎక్కడ నిలబడాలి, వారసత్వంలో వాటా ఎంత అన్నది అందులో చర్చించారు. నేటి వివాదం వేరు, నిజమే. కాని ఆ మనిషికి వరుసలో చోటు చూపించాకే మన పెద్దలు ముందుకు సాగారు. దీన్ నేర్చుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వలేదని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు కూడా.

మరో సంగతి. ఆ తీర్పు మన బిడ్డకు తరగతి బయటికి వెళ్లే హక్కు ఇచ్చింది. లోపల కూర్చున్న బిడ్డను వెక్కిరించే హక్కు ఇవ్వలేదు. తలమీద స్కార్ఫ్ వల్ల వెక్కిరింపులు పడ్డ మన ఆడపిల్లలకు ఆ బాధ తెలుసు.

అమెరికాలో ఉన్న నా పాత విద్యార్థి ఒకరు ఫోన్ చేశారు. ఏడేళ్ల కూతురు, తన స్నేహితురాలికి ఇద్దరు అమ్మలెందుకని అడిగిందట. "ఏం చెప్పను మౌల్వీ సాబ్?"

"వాళ్లింటి తీరు అది, అల్లాహ్ మనకు చెప్పిన తీరు ఇది అని చెప్పు. ఆ పిల్లతో ఆడుకోమను. ఇంకేమడగాలన్నా నన్నే అడుగు తల్లీ అని చెప్పు" అన్నాను.

వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశారు. మొదటి రెండూ చెప్పగలిగారట. మూడోది చెప్పడానికే నోరు రాలేదన్నారు.