కారు దీపము – ఎదుటివాని కన్ను

తన దారికి వెలుగు కావలెనని కోరుకోవడం మానవునికి సహజం. ఆ వెలుగు ఎదుటివానికి బాధ కాకుండా చూచుకోవడం ధర్మం. మొదటిదానిని ఎవరూ మరువరు. రెండవదానిని మాత్రం తరచుగా మరచిపోతున్నాము. చిన్న కారు హెడ్‌లైటు బల్బు మాడిపోయినప్పుడు దాని స్థానంలో ఏ బల్బు వేయవలెనన్న ప్రశ్న కళాశాల వార్షిక సంచికకు తగినదేనా అని కొందరు అడుగవచ్చు. తగినదేనని మా అభిప్రాయం. నేడు విద్యార్థుల ఇండ్లలోను, అధ్యాపకుల ఇండ్లలోను చిన్న కారు సామాన్య వస్తువైపోయింది. బల్బు వెల కొద్ది వందల రూపాయలకు మించదు. కాని దాని ఎంపికలో మన ప్రాణంతో పాటు, మనకు పేరైనా తెలియని బాటసారి ప్రాణం కూడా ఇమిడి ఉన్నది.

మహబూబాబాద్ జిల్లాలోని గంగారం మండలాన్నే తీసుకుందాము. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ వేళ ఏర్పడిన ఈ మండలం అడవి నడుమ ఉన్నది. నర్సంపేట నుండి పాకాల అడవి మీదుగా కొత్తగూడ చేరి, అక్కడి నుండి గంగారం పోయేవారికి చీకటి పడిన తరువాత కారు దీపమే దిక్కు. ఆ వెలుతురులోనే మలుపు కనబడవలె, ఇల్లు చేరుతున్న పశువులు కనబడవలె, వెనుక దీపం లేని సైకిలు కనబడవలె. రెండేండ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరకు ఈ మండలంలోని పూనుగొండ్ల నుండియే పగిడిద్దరాజును కోయ పూజారులు కాలినడకన తోడ్కొని పోతారు. ఇది నడిచే జనం గల దారి. ఇటువంటి చోట బల్బు ఎంత కాంతినిస్తుందన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ కాంతి ఎక్కడ పడుతుందన్నది మిగిలిన సగం.

మన చిన్న కార్లలో అనేకం, ఉదాహరణకు ఆల్టో, వ్యాగనార్ వంటివి, హెచ్4 అనే హలోజన్ బల్బును వాడుతున్నాయి. 1971లో ఐరోపాలో వెలువడిన ఈ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. దూరపు వెలుగుకు 60 వాట్లది, డిప్పుకు 55 వాట్లది. డిప్పు ఫిలమెంటు క్రింద చిన్న లోహపు దొన్నె అమర్చబడి ఉంటుంది. అది క్రిందికి పోయే కాంతిని అడ్డగించగా, దీపం వెనుకనున్న అద్దపు పైభాగానికి మాత్రమే కాంతి చేరి, అక్కడి నుండి రోడ్డు మీదికి వంగి పడుతుంది. ఎదుటివాని కంటికి రక్షణ ఈ దొన్నెయే. ఫిలమెంటు తన స్థానం నుండి మిల్లీమీటరు జరిగినా ఈ ఏర్పాటంతా చెడుతుంది. కావున బల్బు, అద్దము ఒకదానికొకటి కొలిచి చేసిన జంట అని గ్రహించవలె.

ఈ జంటను విడదీసే ప్రలోభాలు బజారులో మూడు ఉన్నాయి. మొదటిది 100/90 వాట్ల బల్బు. పన్నెండు వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్ల విద్యుత్తు తీసుకోగా, 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. దాని వేడికి హోల్డరు కరగవచ్చు, అద్దపు పూత మాసిపోవచ్చు, వైర్లు కాలవచ్చు. రెండవది నీలిరంగు బల్బు. చూపులకు తెల్లగా, ఆధునికంగా ఉన్నప్పటికీ, ఆ రంగుపూత ఫిలమెంటు ఇచ్చిన కాంతిలో కొంత భాగాన్ని తానే మ్రింగివేస్తుంది. మూడవది హలోజన్ దీపంలో దూర్చే ఎల్.ఇ.డి. బల్బు. కాంతి పుట్టే చోటు, దాని ఆకారం మారిపోవడం చేత వెలుగు చెదరి ఎదుటివాని కంట్లో పడే ప్రమాదం ఉన్నది. జర్మనీలో 2020 నుండి ఇటువంటి బల్బులను అనుమతించినప్పుడు కూడా, పరీక్షలో నెగ్గిన బల్బును, పేర్కొన్న కారు నమూనాలకు మాత్రమే అనుమతించినారు.

చీకటి దారిలో 60/55 వాట్ల వెలుగు చాలదని వాహనం నడిపేవారు చెప్పే మాటను మేము తేలికగా త్రోసివేయము. రిలే అమర్చితే వైర్లకు ముప్పు తప్పుతుందన్న వాదంలోనూ నిజం ఉన్నది. అయితే రిలే వైర్లను కాపాడుతుందే గాని, ఎదుటివాని కన్నును కాపాడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. కండ్లు మిరుమిట్లు గొలిపినవాడు తేరుకొనుటకు పట్టే కొద్ది సెకన్లలో అతని వాహనం ఎంత దూరం గ్రుడ్డిగా పోతుందో లెక్క కట్టవచ్చు. వృద్ధుల కండ్లు తేరుకొనుటకు మరింత కాలం పడుతుంది. మన దీపం చేత కన్ను చెదరినవాడు మన కారు మీదికే రావచ్చు, లేదా మన ప్రక్కన నడుస్తున్న మనిషి మీదికి పోవచ్చు. డిప్పు వెలుగు చాలకపోతే వేగం తగ్గించవలె. ఎదుట ఎవరూ లేనప్పుడు దూరపు వెలుగు వాడుకోవలె.

వెలుగు తగ్గిన ప్రతిసారీ దోషం బల్బుది కాకపోవచ్చు. ఎండకు పసుపెక్కిన ప్లాస్టిక్ కవరు, తుప్పు పట్టిన ఎర్తు, వదులైన కనెక్షను, వీటిని ముందుగా చూడవలె. బల్బు మార్చవలసి వస్తే కారుతో ఇచ్చిన పుస్తకంలోని రకాన్ని, పాత బల్బు మొదలున ముద్రించిన అంకెలను సరిచూడవలె. లారీలకు వచ్చే 24 వోల్టుల బల్బు, మోటారు సైకిళ్ళకు వచ్చే 35/35 వాట్ల హెచ్‌ఎస్1 బల్బు చూపునకు హెచ్4నే పోలి ఉంటాయి. రెండు వైపులా ఒకేసారి మార్చడం మేలు; ఒకే వయసు గల రెండవది కూడా త్వరలోనే మాడుతుంది. గాజును వ్రేళ్ళతో తాకరాదు; చేతి జిడ్డు అంటిన చోట వేడి పెరిగి బల్బు త్వరగా చెడుతుంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం ఈ ధర్మాన్నే చట్టంగా చెప్పింది. దీపానికి 8 మీటర్ల ముందు, కుడివైపు అర మీటరు ఎడంగా, నేల నుండి ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలుగరాదు. ఒకటిన్నర మీటరు అనగా ఇంచుమించుగా నిలుచున్న మనిషి కన్ను. చట్టం కొలతకు తీసుకున్నది ఎదుటివానినే.

కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పం. కళాశాల వాహనాల లాగ్ పుస్తకంలో తగిన బల్బు రకాన్ని వ్రాయించవలె. ఏడాదికొక సాయంత్రం ఆవరణలోని గోడ ఎదుట అధ్యాపకుల, విద్యార్థుల కార్లను నిలిపి, డిప్పు వెలుగు అంచును సుద్దతో గుర్తించి, బల్బు మార్చిన తరువాత ఆ గీత పైకి పోయిందేమో పరీక్షించవలె. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇంతకన్న మంచి ప్రయోగం దొరకదు. ఆ నోటీసును ఉర్దూ, తెలుగు రెండింటను వ్రాయవలె. మా ఉర్దూ విభాగపు మిత్రులు చిరాగ్ అన్నా, మేము దీపమన్నా, వెలిగేది ఒకటే. అది మనకు దారి చూపుతూ, ఎదుటివానికి కూడా దారి విడిచేదిగా ఉండవలెనని కోరుతున్నాము.