చప్పుడు పెరిగితే స్పీడ్ పెరుగుతుందా?

ఆదివారం సాయంత్రం పానగల్‌లో ఉదయ సముద్రం కట్ట మీద నిలబడితే నీళ్ల గాలి కంటే ముందు బుల్లెట్ల మోత తగులుతుంది. మొన్న అట్లాగే ఒక బండి నా వెనకే వచ్చి ఆగింది. గుండె గుభేలుమంది. తిరిగి చూస్తే మా అక్క కొడుకు!

"మామా, సైలెన్సర్ మార్పిచ్చిన. పికప్ డబుల్ అయింది తెల్సా" అన్నాడు. నేను నవ్వేసరికి ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు. అమెరికాలో ఎవరో డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ కారుకు ఎగ్జాస్ట్ మార్చారు. పవర్ పెరిగిందని మీటర్ చూపిస్తోంది. "దానికి పెరిగితే నా దానికెందుకు పెరగదు?"

మంచి ప్రశ్నే. మీలో చాలామందికి ఉన్న డౌట్ కూడా అదే కదా!

ఇంజన్ అంటే ఒక గాలి పంపు. ఎంత గాలి లోపలికి పోతే అంత పెట్రోల్ మండుతుంది, అంత పవర్ వస్తుంది. 2015 మోడల్ హెల్‌క్యాట్‌ది 6.2 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. 707 హార్స్‌పవర్. దాని నెత్తిన ఉండే సూపర్‌చార్జర్ బెల్టుతో తిరుగుతూ గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతుంది. ఫుల్ స్పీడ్‌లో ఆ సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే 80 హార్స్‌పవర్ దాకా ఖర్చవుతుంది. అంత గాలి లోపలికి పోతే అంతకంత పొగ బయటికి రావాలి కదా? గొట్టం ఇరుకైతే పొగ వెనక్కి తంతుంది. సిలిండర్‌లో పాత పొగ మిగిలిపోయి, వేడెక్కి, ఇంజన్ నాకింగ్ కొడుతుంది. అక్కడ గొట్టం వెడల్పు చేస్తే నిజంగానే లాభం ఉంటుంది.

ఇక్కడొక తమాషా ఉంది. సూపర్‌చార్జర్ కారుకు మంచి ఎగ్జాస్ట్ పెడితే బూస్ట్ మీటర్ ముల్లు కొంచెం తగ్గొచ్చు. పవర్ మాత్రం పెరుగుతుంది! ఎందుకంటే బూస్ట్ అనేది లోపలికి పోలేక ఆగిన గాలి ఒత్తిడి. దారి ఖాళీ అయితే ఒత్తిడి తగ్గుతుంది, గాలి ఎక్కువ పోతుంది. అయితే ఆ గాలికి సరిపడా పెట్రోల్ అందేలా కంప్యూటర్‌ను ట్యూన్ చేయాలి. లేకపోతే మిశ్రమం పలచబడి పిస్టన్‌కే ఎసరు.

"మరి నీ బండికి సూపర్‌చార్జర్ ఏదిరా?" అన్నాను. బైకుల్లో అది కావాలంటే కవాసకి నింజా హెచ్2 లాంటిది కొనాలి. వీడిది 349 సీసీ, ఒక్కటే సిలిండర్, దాదాపు 20 హార్స్‌పవర్. గాలిని కుక్కేవాడు లేడు, వచ్చే పొగకు కంపెనీ గొట్టం చాలు. పైగా గొట్టం పొడవు, లోపలి గదులు లెక్క ప్రకారం ఉంటాయి. పొగ పోతూ పోతూ వెనక వచ్చే పొగను లాగేలా. దాన్ని తీసేసి ఖాళీ బొంగు పెడితే తక్కువ స్పీడ్‌లో లాగే శక్తే తగ్గొచ్చు.

వాడు నమ్మలేదు. పక్కనే దోస్తు బండి ఉంది. అదే మోడల్, కంపెనీ సైలెన్సర్. నన్ను వెనక ఎక్కించుకుని కట్ట ఎక్కే ఎత్తు మీద రెండు బండ్లనూ మూడో గేర్‌లో నెమ్మదిగా ఎక్కించాడు. దోస్తుది హాయిగా ఎక్కింది. వీడిది గుర్రుమని రెండో గేర్ అడిగింది. వాడేమీ మాట్లాడలేదు.

మన ఊరి ఛాయా సోమేశ్వరుడి గుళ్లో నీడ కనిపిస్తుంది గానీ అది ఏ స్తంభానిదో చూడగానే తెలియదు. ఇక్కడ చప్పుడు వినిపిస్తుంది గానీ పవర్ ఎక్కడుందో తెలియదు. చెవి మోసపోతే కాలు కూడా నమ్మేస్తుంది.

జేబు సంగతి కూడా చెప్పాలి. 175 సీసీ దాటిన బైకుకు శబ్దం పరిమితి 80 డెసిబెల్స్. దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్స్ కూడా పోతుంది. పోలీసులు సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు.

ఇవన్నీ చెప్పినా వాడి మొహంలో మార్పు లేదు. చీకటి పడ్డాక ఇంటికి బయల్దేరాం. వీధి మలుపు రాగానే వాడు ఇంజన్ ఆపేసి దిగాడు. 195 కిలోల బండిని నెట్టడం మొదలుపెట్టాడు.

"ఏమైందిరా?"

"అక్క పురిటికి వచ్చింది కద మామా. పాప పండుకుంటది. చప్పుడుకు ఉలిక్కిపడి లేస్తుంది."

రోజూ ఇట్లనే నెడుతున్నాడట. మన ఇంట్లో పాప కోసం దిగి నెడుతున్నాం సరే, కట్ట మీది నుంచి ఇక్కడిదాకా దారిలో ఉన్న ఇళ్లలో పాపలు లేరా? ఆ మాట నేను అనలేదు. వెనక నుంచి బండి మీద చెయ్యి వేసి నెట్టాను.

గేటు దగ్గర వాడే అన్నాడు: "పాత సైలెన్సర్ అటక మీదనే ఉంది మామా. పొద్దున జర నిచ్చెన పట్టుకుంటవా?"