రక్కసికిని ఒక కట్టడి

కథలలోని రాక్షసులు మనల నేల భయపెట్టుదురు? ఈ ప్రశ్న నడిగినచో పెక్కుమంది విద్యార్థులు కోరలనియు, గోళ్లనియు, ఎఱ్ఱని కన్నులనియు చెప్పుదురు. కథ వ్రాయుమన్నచో రాక్షసునికి పది తలలు పెట్టుదురు. చాలదని తోచినచో ఇరువది చేయుదురు. అయినను చదువరి గుండె యించుకయు బెదరదు. తోలుబొమ్మలాటలో రావణుని పది తలలు తెరమీద నాడుచుండగా పసిపిల్లలు తల్లి యొడిలో కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. కావున భయమునకు మూలము ఆకారము కాదు. రాక్షసునికి గల కట్టడియే భయమునకు మూలమని నా యభిప్రాయము. కట్టడి యనగా నియమము. అది యెప్పుడు వచ్చును, ఎవరిని పట్టును, దేనికి లొంగును అను మూడు విషయములును అందులో చేరియుండును.

మహాభారతము ఆదిపర్వములోని బకాసురుని కథను తలచుకొనుడు. ఏకచక్రపురవాసులు వానికి బండెడన్నమును, రెండు దున్నపోతులను, ఒక మనిషిని పంపవలెను. ఇంటింటికి వంతు. ఈ ‘వంతు’ అను చిన్న మాటలోనే భయమంతయు దాగియున్నది. వంతు వచ్చిన బ్రాహ్మణుని యింట తండ్రి తాను పోదుననును. తల్లి తాను పోదుననును. కూతురు తాను పోదుననును. ముద్దుమాటల పసివాడొకడు గడ్డిపరకను చేతబట్టి, దీనితోనే రాక్షసుని చంపెదనని పలుకును. బకుడింకను మన కంటబడనే లేదు. అయినను మన గుండె బరువెక్కును. మనకు ప్రియమైనవారు దూరమగుదురేమో యను శంకయే అసలైన భయము. ఆ వంతే మరల రాక్షసుని చావునకును దారి తీసినది. బండి వెంట ఒక మనిషి పోవలెను గదా! ఆ మనిషిగా భీముడు పోయెను.

మన ప్రాంతమునకు తూర్పున, ఇప్పటి నంద్యాల జిల్లాలో అహోబిల క్షేత్రము కలదు. నరసింహస్వామి హిరణ్యకశిపుని చీల్చిన స్థలమదియేయని భక్తుల విశ్వాసము. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, మనుష్యునిచేత గాని మృగముచేత గాని చావు లేకుండునట్లు ఆ దానవుడు వరము పొందెను. ఆ వరము వినుచున్నకొలది, ఒక్కొక్క తలుపే మూతపడుచున్నట్లు మనకు తోచును. ఇక ప్రహ్లాదునకు దిక్కెవరని దిగులు పుట్టును. కాని పగటికిని రాత్రికిని నడుమ సంధ్య యున్నది. ఇంటికిని బయటికిని నడుమ గడప యున్నది. భయపెట్టిన మాటలలోనే విడుదలయు నున్నది. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకయందుండుటయు నిట్టిదే.

ఇవి ప్రాచీన కథలు. కొన్ని దశాబ్దుల క్రిందట అనేక తెలుగు పల్లెలలో తలుపులమీద ‘ఓ స్త్రీ రేపు రా’ యని వ్రాసికొనిరి. మనకు పొరుగుననున్న కన్నడసీమలో ‘నాళె బా’ యని వ్రాసిరి. అనగా రేపు రమ్మనియే. రాత్రివేళ నొక ఆడుదయ్యము వచ్చి, తెలిసినవారి గొంతుతో పిలుచుననియు, తలుపు తీసినవారు చత్తురనియు నాటి పుకారు. అది యెట్లుండునో ఎవరికిని తెలియదు. కన్నతల్లి పిలుపును కూడ నమ్మరాదనుటయే జనులను వణికించినది. పడమటి దేశములలోను ఇట్టి కల్పన కలదు. బ్రామ్ స్టోకర్ అను ఐర్లండు రచయిత 1897లో ప్రకటించిన ‘డ్రాక్యులా’ నవలలోని రక్తపిశాచము, ఇంటివారిలో నొకరు పిలువనిదే మొదటిసారి గడప దాటజాలదు. దేశములు వేరైనను మనుష్యుని భయము గడపయొద్దనే కాచియున్నది.

విద్యార్థులారా! మీరును ఒక రక్కసిని కల్పింపదలచినచో ఎక్కడి కోటలనో, ఎక్కడి మంచుకొండలనో వెదకబనిలేదు. మీరెరిగిన తావునుండియే ప్రారంభింపుడు. మన పెద్దకడుబూరునకు చేరువనున్న ఎమ్మిగనూరు చేనేతకు పేరొందినది. నేతగాడు గుంటమగ్గమున కాళ్లు గుంటలోనికి విడిచి కూర్చుండి నేయును. రాత్రి యా గుంటలో ఎవరును ఉండరు. కాని ఒక యింట అర్ధరాత్రమున నాడె యాడిన చప్పుడు వినవచ్చెననుకొనుడు. తెల్లవారి చూచినచో బట్ట జానెడు పెరిగియున్నది. ఇంటివారు సంతసించిరి. ఆనాడే అవ్వ తనకు వచ్చిన పాట నొకదానిని మరచిపోయెను. మరునాడు మరియొక జానెడు. తండ్రి బావికి పోవు త్రోవ మరచెను. మూడవనాడు తల్లి తన కూతురిని చూచి, ‘నీవెవరి బిడ్డవమ్మా?’ యని యడిగెను.

ఇచట కోరలు లేవు, నెత్తురు లేదు. గుంటలోనిది జానెడు బట్ట నేసి, ఒక జ్ఞాపకమును కూలిగా తీసికొనుచున్నది. ఇదియే దాని కట్టడి. ఇక విరుగుడు కావలెను. పడుగు తెగిన మగ్గమును అది ముట్టజాలదనుకొందము. కాని పడుగు కోసినచో ఆ మాసపు జీవనము పోవును. పెద్దలు వెనుకాడుచుండగా ఆ చిన్నదియే కత్తెర చేతబట్టవలెను. వెల లేని విరుగుడు కథను చప్పగా చేయును. విరుగుడే లేని కథ పిల్లలను చీకటిలో విడిచిపోవును.

పిల్లలకు భయపు కథలే కూడదని కొందరు పెద్దల వాదము. రాత్రులు నిద్ర పట్టదని వారి చింత. ఆ చింత తగినదే. కాని నిషేధము మందు కాదు. కథ చెప్పకున్నను చీకటి యుండనే యుండును. కట్టడిగల రక్కసి కథ, భయమునకును ఒక హద్దు కలదనియు, దానిని బుద్ధితో కనుగొనవచ్చుననియు బాలునకు నేర్పును. ఏకచక్రపురపు పసివాని చేతిలోని గడ్డిపరక వంటిదది.

మనము నిజముగా వెరవవలసినది వేరొకటి కలదు. అది పుకారు. ఒంటరిగా బ్రతుకు ముసలమ్మను చూపి చేతబడి చేయుచున్నదని యెవడో యనును. ఆమె కాదన్నచో దాచుచున్నదందురు. మౌనము వహించినచో ఒప్పుకొన్నదందురు. ఏడ్చినచో నటన యందురు. కథలోని రక్కసికి విరుగుడున్నది. పుకారు పట్టిన మనిషికి బయటపడు సందు ఒక్కటియు నుండదు. ఈ యనుమానముతోనే అమాయకులను కొట్టినట్లును, చంపినట్లును మన తెలుగు రాష్ట్రములలో వార్తలు వచ్చుట మనమెరుగుదుము. అచట రాక్షసత్వము ముసలమ్మయందు లేదు. ఆమెను చుట్టుముట్టిన గుంపునందున్నది.

కాబట్టి రక్కసులను కల్పింపుడు, జంకవలదు. కాని మీ రక్కసికి పొరుగువారి ముఖమును తగిలింపకుడు. ఎవరైనను వచ్చి, ఫలానావారు మనుష్యులు కారని చెవిలో చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న వేయుడు: ‘వారు నిర్దోషులైనచో ఆ సంగతి మనకు తెలియు మార్గమేది?’ దానికి బదులు లేనిచో వినుట మానుడు. వీలైనచో ఆ నిందపడినవారి గడపయొద్దకు పోయి, వారికి తోడుగా నిలువుడు.