వేలిముద్రకు మూడు రోజుల గడువా?

తడ ప్రాంతంలో ఉపాధి కూలి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. బ్యాంకుకి పోతే ఆ రోజు పని పోతుంది గనక మనవాళ్ళు ఊళ్ళో వేలిముద్ర మిషను పెట్టుకున్నవాని దగ్గరికే పోతారు. "వేలు పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అంటాడు. పెడతారు. రెండుసార్లు డబ్బు లాగి ఒకసారిదే చేతిలో పెట్టే మోసం ఇక్కడే జరుగుతుంది. మిషనువాళ్ళందరూ దొంగలని మేము అనటంలేదు. నాట్లేసి, కలుపుతీసి గీతలరిగిన వేళ్ళు నిజంగానే ఓ పట్టాన పడవు. ఆ నిజం చాటునే మోసం సాగుతుంది.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటివాడు ఖాతాలో డబ్బు కాజేస్తే, మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారుకు పైసా నష్టం ఉండరాదంది. నాలుగు నుండి ఏడు రోజుల్లో చెబితే, కనీస నిల్వ అక్కరలేని పేదల ఖాతాకు కూడా అయిదువేల దాకా నష్టం ఖాతాదారుదే. ఏడు దాటితే ఆయా బ్యాంకు పెట్టుకున్న విధానమే దిక్కు.

అయిదువేలంటే ఒక సీజను నాట్ల కూలి! ఉత్తర్వు రాసినవారికి యీ లెక్క తెలుసునా?

అయినా ఆ ఉత్తర్వులోనే మనకు పనికొచ్చే మాటలున్నాయి, కౌంటరు దగ్గర ఎవరూ చెప్పరు. గడువు మొదలయ్యేది డబ్బు పోయిన రోజునుండి కాదు, బ్యాంకు కబురు ఖాతాదారుకు అందిన తర్వాత. ఆ కబురు శ్రీసిటీలో పనిచేసే కొడుకు ఫోనుకో, ఎప్పుడో పోయిన సిమ్ముకో పోతే ఆమెకు అందినట్టు ఎలా అవుతుంది? తప్పు ఖాతాదారుదని రుజువు చేయవలసిన బాధ్యత కూడా బ్యాంకుదే. బ్యాంకు తరఫున జరిగిన మోసానికైతే గడువే లేదు. బ్యాంకు పెట్టిన మిషనువాడు బ్యాంకు మనిషి కాకపోతే మరెవరి మనిషి?

"వేలు మీదే గదా" అని తోసిపుచ్చటం చెల్లదు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజులమీది వేలిముద్రలకు నకళ్ళు చేసి డబ్బు లాగిన ముఠాను 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకున్నారు. వేలు పొలంలో ఉండగానే ముద్ర ఊరు తిరిగిరాగలదన్నమాట.

నిబంధనలు ఎప్పుడు సవరించినా, వేలిముద్ర ఖాతాలకు గడువు ఖాతాదారుకు నష్టం తెలిసిన రోజునుండే లెక్కించాలి. మిషను ప్రతిసారీ తెలుగులో చీటీ ఇవ్వాలి, వేలు పడని సారి కూడా.

ఈలోగా డబ్బు పోయినవాళ్ళు వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకి కాగితం మీదనే ఫిర్యాదివ్వండి. ఎప్పుడు తెలిసిందో తేదీ వేయండి. నకలు మీద ముద్ర వేయించుకోకుండా కౌంటరు వదలవద్దు.