బీచ్ రోడ్డు ఊడ్చేవాళ్లది సేవ కాదా?

విశాఖ ఆర్కే బీచ్‌కి వచ్చినవాళ్లు ముందుగా చూసేది కురుసుర జలాంతర్గామినే. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది, మరుసటేడే మ్యూజియమైంది. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం. 29 ఏళ్ల సేవ తర్వాత 2017లో అదీ మ్యూజియమైంది.

ఈ గౌరవాన్ని మేము కాదనడం లేదు. కానీ తెల్లారేసరికి ఈ రోడ్డు శుభ్రంగా కనబడటం వెనక కూడా సేవ ఉంది. ఈ నగరంలో చీపురు తరతరాలుగా ఎక్కువగా రెల్లి కులస్తుల చేతుల్లోనే ఉంది. కులం ఆ పనిని అంటగట్టింది, ఔట్‌సోర్సింగ్ దానికి భద్రత లేకుండా చేసింది. 2023 డిసెంబరులో రాష్ట్రమంతటా పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగింది సమాన పనికి సమాన వేతనం అడుగుతూనే.

రిటైరైన యంత్రాలకు సముద్రం ఎదురుగా చోటిచ్చాం. రిటైరైన కార్మికురాలికి కనీసం పింఛనైనా ఇస్తామా?