‘ఉన్నదా?’ అనుటకు, ‘నిజమా?’ అనుటకు గల భేదం

బ్రూక్షాబాద్ వంటి చోట డీజిల్ జెనరేటరు ప్రక్కన రాత్రి షిఫ్టులో ఉన్న ఆపరేటరుకు డేటాబేసు గొడవ అనవసరం. తెరపై ఎర్ర గుర్తు వెలిగినదా లేదా అన్నదే ఆయనకు ముఖ్యం. ఆ గుర్తును వెలిగించే ప్రశ్నను మన ఇంజనీరు ఎవరో ఒకరు మాన్యువల్ చూసి వ్రాసి ఉంటారు. ఈ మాసం ఆ మాన్యువల్ భాషను గురించి పాఠక మిత్రులతో ముచ్చటించదలచాము.

యంత్రాల రీడింగులు నేడు తరచుగా జేసన్ రూపంలో, అనగా పేరు–విలువ జతలుగా వస్తున్నవి. ఒక యంత్రం నాలుగు విలువలు పంపితే మరొకటి నలభై పంపుతుంది గనుక ముందే గీసిన గడులలో అవి ఇమడవు. ఉచితంగా, మూలరచనతో సహా లభించే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు 2012లో జేసన్‌ను స్వీకరించినది. 2014లో జేసన్‌బీ అనే వేగవంతమైన రూపం, 2019లో 12వ వెర్షనుతో ‘పాత్’ అనే ప్రశ్నాభాష వచ్చినవి. చిక్కంతా ఈ చివరిదానిలోనే ఉన్నది.

శీతలీకరణ నీటి ఉష్ణోగ్రత 72 డిగ్రీలు అనుకొందాం. 95 దాటితే హెచ్చరిక కావాలి. ‘ఉష్ణోగ్రత 95 కంటె ఎక్కువ’ అన్న వాక్యాన్ని @? అనే గుర్తుతో అడిగితే సమాధానం ‘అవును’ అని వస్తుంది! ఆ గుర్తు అడిగేది ‘ఏదైనా ఫలితం ఉన్నదా?’ అని మాత్రమే. ‘కాదు’ అన్నది కూడా ఒక ఫలితమే గదా! అదే వాక్యాన్ని @@ గుర్తుతో అడిగితే ‘కాదు’ అని సరియైన జవాబు వస్తుంది. పోనీ, షరతును వడపోతగా మార్చి, 95 దాటిన విలువలను మాత్రమే ఏరి @? తో అడిగినా సరియైన జవాబే. వడపోతను @@ తో జతపరచితే మాత్రం నీరు మరిగినా శూన్యమే, అనగా ‘నల్’ వస్తుంది. ఒక జత ఎల్లవేళలా గంట మ్రోగిస్తుంది, మరొకటి ఎన్నడూ మ్రోగించదు. రెండింటిలోనూ తెరపై దోషసూచన ఏమీ కనిపించదు. ఎల్లవేళలా మ్రోగే గంటను నాలుగవ రోజున ఎవరో కట్టివేస్తారని అనుభవజ్ఞులకు మేము చెప్పనవసరం లేదు.

ఇంకొక సంగతి ఉన్నది. సెన్సరు చెడి, ఉష్ణోగ్రత అన్న పేరే రికార్డులో లేకపోతే? ‘లాక్స్’ అనే సాధారణ పద్ధతిలో @@ ‘కాదు’ అనే చెబుతుంది. వేడెక్కలేదన్న జవాబూ, కొలవలేదన్న స్థితీ ఒకే రూపంలో కనిపిస్తాయి. ‘స్ట్రిక్ట్’ పద్ధతి కోరితే ‘నల్’ వచ్చి భేదం తెలుస్తుంది. మా దృష్టిలో పైదాని కంటె ఇదే ప్రమాదకరం.

తొలి మాన్యువళ్ళలో ఇవి అసత్యంగా లేవు. అటువంటి వాక్యాలను అనుమతించుట ప్రమాణానికి భిన్నమని, @@ కొరకు అవసరమని ఒక ముక్క ఉండేది. దాని పర్యవసానాన్ని పాఠకుడే ఊహించుకోవాలి. 2024 సెప్టెంబరులో వెలువడిన 17వ వెర్షను మాన్యువల్ ఈ వాక్యాలకు ప్రత్యేక ఉపశీర్షిక ఇచ్చి, ఇవి ఎల్లప్పుడూ ఏదో ఒక విలువ ఇస్తాయి గనుక @? తో ప్రయోజనం లేదని సూటిగా పేర్కొన్నది. ఉన్న పనితీరును విడమరచి చెప్పుటకు పట్టినవి రెండు మూడు వాక్యాలే. కొత్త సౌకర్యం కల్పించిన వారికి దక్కే కీర్తి ఇటువంటి వాక్యం వ్రాసినవారికి దక్కదు. దక్కవలెనని మా అభిప్రాయం.

2020 ఆగస్టులో చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సాగరగర్భ కేబులు ప్రారంభమైన తరువాత అండమానులో సందేహాన్ని వెంటనే ఎవరినైనా అడగవచ్చును. అయినను, తమ ప్రశ్న తప్పని తోచినవారే సందేహం అడుగుతారు. ‘అవును’ అని చక్కగా జవాబు వస్తున్నప్పుడు అడిగేదెవరు?

కనుక యూనిట్లలోని మిత్రులకు ఒక మనవి. హెచ్చరికల ప్రశ్నలను భద్రపరచే ఫైలులో ప్రతి ప్రశ్న ప్రక్కన మూడు రీడింగులకు వచ్చిన జవాబులు వ్రాయండి: హద్దులోపలి విలువకు, హద్దు దాటిన విలువకు, అసలు విలువే లేని రికార్డుకు. 17వ వెర్షనులోనే వచ్చిన ‘జేసన్ టేబుల్’ సౌకర్యాన్ని గురించి వచ్చే సంచికలో ముచ్చటించగలము.