వెనక కూర్చున్నవాళ్లను అడగండి

పాత ఆల్బమ్‌లో మోటారు సైకిల్ ఫొటో కనబడితే చాలు, ఇంట్లో మగవాళ్లందరూ చరిత్రకారులైపోతారు. వెక్కిరింపుగా అనడం లేదు. హెడ్‌లైటు ఆకారం, ట్యాంకు మీది గీత, సైలెన్సరు పొడవు చూసి అది ఏ కంపెనీదో, ఏ కాలానిదో చెప్పడం నిజంగా ఒక విద్యే. శాసనంలో అక్షరాల తీరు చూసి కాలం చెప్పడం గురించి మనం క్లాసులో వింటాం కదా, ఇదీ అలాంటిదే. నా అభ్యంతరం ఒక్కటే. ఈ విద్యలో సాక్షిగా పిలిచేది ఎప్పుడూ బండి నడిపినవాళ్లనే. వెనక కూర్చున్నవాళ్లను ఎవరూ అడగరు. అడిగితే మనుషుల సంగతే కాదు, బండి సంగతి కూడా ఇంకా బాగా తెలుస్తుందని నా వాదన.

ముందు ఆ విద్య గురించి రెండు మాటలు. మన వైపు పాత ఫొటోల్లో ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. మొదటిది జావా. చెక్ దేశపు కంపెనీ. దాన్ని పెట్టిన జానెచెక్ పేరులోని జా, వాండరర్ అనే జర్మన్ కంపెనీ పేరులోని వా కలిస్తే జావా. మన దేశంలో ఇది 1961 నుంచి మైసూరులో తయారైంది. 1973 నుంచి యెజ్డి పేరుతో వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జావాకి కిక్ కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. ఒక్కటే సిలిండరు, కానీ రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. రెండోది బుల్లెట్. 1955 నుంచి మద్రాసులో తయారైంది. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. మూడోది రాజ్‌దూత్. పాలక్యాన్లు కట్టుకుని తిరిగిన బండి అంటే పెద్దవాళ్లు వెంటనే గుర్తుపడతారు. జావా, రాజ్‌దూత్ రెండూ టూ స్ట్రోక్ బళ్లు, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. బుల్లెట్ ఫోర్ స్ట్రోక్, దానికి ఆ పని లేదు.

నంబరు ప్లేటు కనబడితే ఇంకా సులువు. కె.ఎ. అనే అక్షరాలు 1989 తర్వాత వచ్చాయి. మన రాష్ట్రం పేరు మైసూరుగా ఉన్న రోజుల్లో ఎం.వై.తో మొదలయ్యే నంబర్లు ఉండేవి. 1973 నవంబర్ 1న రాష్ట్రానికి కర్ణాటక అని పేరొచ్చింది. ఇవన్నీ పుస్తకాల్లోనూ, బండి పిచ్చి ఉన్న అన్నయ్యల దగ్గరా దొరుకుతాయి.

ఇక దొరకని సంగతికి వస్తాను. మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. చింతామణి దగ్గర మా తాత స్కూల్ టీచరుగా ఉన్నప్పటిది. బండి మీద తాత, వెనక ఒకవైపుకి కాళ్లు పెట్టి కూర్చున్న అవ్వ. ట్యాంకు మీద మా పెద్దనాన్న, అప్పటికి చిన్న పిల్లాడు. వాడి కాళ్ల వెనక కంపెనీ పేరు దాక్కుంది. కింద సగం ముందు నిలబడిన పిల్లల వల్ల కనబడదు. నంబరు ప్లేటూ లేదు. పోయిన పండక్కి ఈ ఫొటో మీద గంటసేపు పంచాయితీ నడిచింది. ఒకరు రాజ్‌దూత్ అంటారు, ఒకరు జావా, ఇంకొకరు యెజ్డి. తాత లేడు కాబట్టి తేల్చేవాళ్లు లేరని అందరూ అనుకున్నారు. ఆ బండి మీద కూర్చున్న మనిషి అదే గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంది.

నేను అడిగితే అవ్వ తల ఎత్తకుండానే చెప్పింది. "రెండు పక్కలా గొట్టాలు. ఎటు దిగినా కాలు కాల్తా ఉండె." అంటే రాజ్‌దూత్ కాదు, దానికి ఒక్కటే సైలెన్సరు. "ఇంటికొచ్చినాక కూడా చీర కాలిన నూనె వాసన కొడతా ఉండె." అంటే టూ స్ట్రోక్. ఎప్పటి ఫొటో అవ్వా అంటే, "మీ చిన్నాన్న కడుపులో ఉన్నాడు, ఆరో నెల" అంది. చిన్నాన్న పుట్టింది 1971లో. అప్పటికి యెజ్డి పేరే రాలేదు. కాబట్టి జావా. మూడు మాటల్లో తేలిపోయింది. మా చిన్నాన్నలకు రాడ్లు, గేర్లు తెలుసు. అవ్వకి వాసన, వేడి, నెల తెలుసు. రెండూ కలిస్తేనే ఫొటో చదవగలిగాం.

"వెనక కూర్చున్నవాళ్లకి ఇంజను గురించి ఏం తెలుస్తుంది?" అని అడగొచ్చు. ఇంజను గురించి తెలియకపోవచ్చు. కానీ ఆ బండి మన కుటుంబంలోకి ఎలా వచ్చిందో, ఎవరి ఖర్చుతో వచ్చిందో వాళ్లకి తెలుసు. అవ్వ కమ్మలు తాకట్టుకి వెళ్లాకే ఆ జావా ఇంటికొచ్చిందట. ఆర్.సి. పుస్తకంలో తాత పేరే ఉంటుంది, కమ్మల సంగతి అందులో ఉండదు. ఊరు దాటేదాకా తాత భుజం మీద చెయ్యి వెయ్యకూడదని, పెద్దవాళ్లు చూస్తారని, సీటు అంచు పట్టుకుని కూర్చునేదాన్నని చెప్పింది. రోడ్డు బాగా చెడిపోయిన చోట దిగి నడిచేదట. ఆరో నెల కడుపుతో. "మీ నాన్న ఆ బండి మీద ఎంత దూరమైనా వెళ్లేవాడు" అనే కథ మా ఇంట్లో యాభై ఏళ్లుగా ఉంది. మధ్యలో దిగి నడిచిన మనిషి కథ మొన్ననే బయటికొచ్చింది.

మన చట్టానికి మాత్రం ఈ వెనక కూర్చున్న మనిషి కనబడింది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 123వ నియమం చూడండి. వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని ఉంది. మనం శారీ గార్డు అనేది అదే. కానీ పాత బండిని కొత్తగా తయారు చేయించేటప్పుడు లుక్కు పోతుందని చాలామంది ముందు పీకేసేది ఆ శారీ గార్డునే. అవ్వలు ఆ బండి మీద ప్రయాణం చేశారనడానికి మిగిలిన ఒక్క ఇనప ఆనవాలు కూడా అలా పోతుంది.

ఇంకో సంగతి. ఏ బండిని 'వింటేజ్' అంటున్నాం? బెంగళూరులో ఏటా జులైలో జావా, యెజ్డి బళ్లవాళ్లు కలుస్తారు. తళతళలాడే బళ్లు, చూడ్డానికి బావుంటాయి. కానీ ఆడవాళ్లు తమ చేత్తో నడిపిన పాత బళ్లకి అలాంటి గౌరవం ఎక్కడుంది? 1972లో లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. గేర్ల గొడవ లేదు, బరువు తక్కువ, చీర కట్టుకుని కూడా నడపొచ్చు. మా మేనత్త అంగన్‌వాడీ టీచరు. పదిహేనేళ్లు టీవీఎస్ 50 మీదే తిరిగింది. గుడ్ల అట్టలు, బియ్యం మూట, వెనక ఒక ఆయా. తాత జావాని మా వాళ్లు ఎప్పుడో అమ్మేసి ఇప్పటికీ బాధపడతారు. అత్త బండిని పాత ఇనుము కింద వేసినప్పుడు ఎవరూ ఫొటో కూడా తియ్యలేదు. వెనక సీటు నుంచి ముందు సీటుకి మా ఇంట్లో మొదట వచ్చిన ఆడమనిషి ఆ బండి మీదే వచ్చింది. నన్నడిగితే మా ఇంటి చరిత్రలో జావా కంటే అదే పెద్ద బండి.

మాది రెండు భాషల ఇల్లు. నాన్న 'బండి' అంటాడు, అమ్మ 'గాడి' అంటుంది. ఆయన 'వెనక కూర్చో' అంటే ఆమె 'హిందె కూత్కో' అంటుంది. ఏ భాషలో అన్నా చిన్నప్పటి నుంచి మనకి చూపించిన చోటు ఒకటే. ఇప్పుడు మనలో చాలామంది స్కూటీ మీద కాలేజీకి వస్తున్నాం. అందుకే ఆ పాత చోటు గురించి మర్చిపోవడం సులువు. అది చెప్పగలిగినవాళ్లకి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. వాళ్లు పోతే ఏ మెకానిక్కూ చెప్పలేడు.

కాబట్టి ఫ్రెండ్స్, ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఒక పని చేద్దాం. ఇంట్లో పాత బండి ఫొటో ఏదైనా ఉంటే వెతకండి. బండి పేరు మామయ్యలని అడగండి, వాళ్లు సంతోషంగా చెప్తారు. తర్వాత ఆ ఫొటో తీసుకుని అవ్వ దగ్గరికి, అత్త దగ్గరికి వెళ్లండి. నాలుగు ప్రశ్నలు చాలు. ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నారు? బండికి డబ్బు ఎక్కడిది? ఏది పట్టుకుని కూర్చునేవారు? ఎప్పుడైనా నడపాలనిపించిందా? వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మన పుస్తకాల తెలుగులోకి మార్చకండి. మేడమ్‌లు ఒప్పుకుంటే వచ్చే సంచికలో ఈ బోర్డు మీద ఒక వరస వాటికే ఇద్దాం.

ఫొటో వెనక పెన్సిల్‌తో రాసేటప్పుడు బండి పేరు, సంవత్సరం రాయండి. వాటితో పాటు వెనక కూర్చున్న మనిషి పేరు కూడా రాయండి. 'ఫలానావారి భార్య' అని కాదు, ఆమె సొంత పేరు.